సాండర్ కొన్నావట కదా, బావా

సిరొంచ,
ఆదివారం

ఏరా బావా,

చెక్క నునుపు చేసే సాండర్, ఇనుము కోసే గ్రైండర్ రెండు మిషన్లూ ఒకేసారి కొన్నావని చెల్లెమ్మ చెప్పింది. ఫోన్‌లో అయితే నువ్వు సగం విని "సరే సరే" అంటావు. అందుకే ఈ కాగితం. తిట్టుకుంటూనైనా చదువు.

ముందు గ్రైండర్ సంగతి. ఇక్కడ చాలామంది దాని గార్డు, అదే డిస్కుకు అడ్డంగా ఉండే రేకు, ఊడదీసి, పళ్ల బ్లేడు బిగించి చెక్క కోస్తారు. నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. అంటే బ్లేడు అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టే. టేకులో ముడి తగిలి పన్ను ఇరుక్కుందా, మిషన్ ఎగిరి నీ మీదికే వస్తుంది. పట్టి ఆపడం ఏ పహిల్వాన్ వల్లా కాదు. ఇనుము కోసే డిస్కు కొన్నా, దాని మీద రాసిన చుట్లు మిషన్ చుట్ల కంటే తక్కువ ఉండకూడదు.

సాండర్‌కు ఎవడూ భయపడడు. పళ్లుండవు, నిప్పురవ్వలుండవు, సాధువైన ఆవులా చేతికింద మెదులుతుంటుంది. నా గోలంతా దాని గురించే. రంపపు పొట్టు కింద పడుతుంది, ఊడ్చేస్తే పోతుంది. సాండర్‌కు తగిలించే 180 నంబరు గరుకు కాగితం లేపే సన్నటి పొడి అలా పడదు. సాయంత్రం రేకు చిల్లులోంచి ఎండ పడేచోట చూడు, మిషన్ ఆపి టీ తాగి వచ్చినా అది తేలుతూనే ఉంటుంది. మాస్కు తీసేసి, పని అయిపోయిందని ఊపిరి పీల్చుకునేది సరిగ్గా అప్పుడే!

ఏళ్ల తరబడి పీల్చేవాళ్లకు చెక్క పొడి ముక్కులో, దాని చుట్టూ ఉండే గాలి గదుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే చెప్పింది. టేకు పొడికి కొందరికి దద్దుర్లు, ఆయాసం కూడా వస్తాయి. 2023లో బల్లార్షా కలప డిపో నుంచి అయోధ్య గుడికి వెళ్లింది మన అడవుల టేకేనని ఇక్కడ అందరికీ గొప్ప. దాని పొడి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

దస్తీ కట్టుకుంటే ఆ పొడి ఆగదు. ఎన్95 మాస్కు పెట్టు, ముక్కు దగ్గర తీగ గట్టిగా నొక్కు. గడ్డం ఉంటే మాస్కు పక్కలనుంచి గాలి దూరుతుంది, కాబట్టి ఆ కొత్త గడ్డం తీసెయ్, ఎలాగూ నీకు నప్పలేదు. సాండర్‌కు వాక్యూమ్ పైపు తగిలిస్తే సగం బాధ తప్పుతుంది. బట్టల మీది పొడిని బ్లోయర్‌తో ఊదుకోకు, మళ్లీ ముక్కులోకే పోతుంది.

ఇంకోటి, కరెంటు. మన దగ్గర అది ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియదు కదా. బెల్ట్ సాండర్‌కు స్విచ్ నొక్కి ఉంచే లాక్ బటన్ ఉంటుంది. మా పక్క షెడ్డులో కరెంటు పోగానే కుర్రాడు మిషన్‌ను బల్ల మీద అలాగే వదిలి బయటికెళ్లాడు. కరెంటు వచ్చింది, మిషన్ తనంతట తానే పరుగెత్తి కింద పడింది. అక్కడ ఎవరి కాళ్లూ లేవు కాబట్టి సరిపోయింది. కరెంటు పోతే ముందు లాక్ వదిలెయ్, తర్వాత ప్లగ్ పీకెయ్. కాగితం మార్చేటప్పుడూ అంతే.

లుంగీతో షెడ్డులోకి రాకు. చేతికున్న దారాలు తీసెయ్. తిరిగే మిషన్ దగ్గర వదులు గ్లౌజులు వద్దు, దారప్పోగు చిక్కితే వేళ్లనూ లాగేస్తుంది. కళ్లద్దాలు, చెవులకు ప్లగ్గులు నీకు చెప్పక్కర్లేదు.

ఆఖరుగా, అవిసె నూనెతో పాలిష్ చేసిన గుడ్డలు ఉండచుట్టి పొట్టు కుప్పలో పడెయ్యకు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. బయట పరిచి ఆరబెట్టు.

వచ్చే వారం వస్తావుగా, మంచిర్యాలలో 120 నంబరు గుండ్రటి కాగితాలు ఓ ప్యాకెట్ తీసుకురా. ఇక్కడ అయిపోయాయట. డబ్బులిస్తాలే.

ఉంటాను మరి.
నీ బావ