తాళాలు చేతికిచ్చే ముందు ఇంటి గాలినీ పరీక్షించండి

గౌరవనీయులైన గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కొత్త భవనానికి అనుమతి ఇచ్చేటప్పుడు పునాదులు చూస్తారు, లిఫ్టు చూస్తారు, మంటలంటుకుంటే బయటపడే దారి ఉందో లేదో చూస్తారు. లోపల మనుషులు పీల్చబోయే గాలిని మాత్రం ఎవరూ కొలవరు. అదీ కొలిచాకే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఇంట్లో దిగొచ్చనే అనుమతి పత్రం, ఇవ్వాలని అడగడానికే ఈ లేఖ.

కొత్త ఇంటి వాసనకు చాలామంది మురిసిపోతారు. అందులో పెయింట్లు, వార్నిష్‌ల రసాయనాలుంటాయి. ప్లైవుడ్, పార్టికల్ బోర్డుల జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వెలువడుతుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఘనపు మీటరు గాలిలో అరగంట సగటు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో హద్దు పెట్టింది. గదిలో వేడి, తేమ పెరిగినకొద్దీ ఇది ఎక్కువగా వస్తుంది, నెలల తరబడి వస్తూనే ఉంటుంది.

కరెంటు ఆదా కోసం ఇళ్లను బిగుతుగా కడుతున్నారు. ఆదాను నేను తప్పుపట్టను. కానీ తాజా గాలికి దారి వదలకపోతే ఏమవుతుందో అమెరికా ఎప్పుడో చూసింది. ఇంధన సంక్షోభం తర్వాత 1981లో మనిషికి సెకనుకు సుమారు 2.5 లీటర్ల బయటి గాలి చాలని అక్కడి భవనాల వెంటిలేషన్ ప్రమాణం చెప్పింది. ఆఫీసుల్లో తలనొప్పులు, కళ్ల మంటల ఫిర్యాదులు పెరిగాయి. 1989లో ఆ గాలి పరిమాణాన్ని మూడు రెట్లు చేశారు.

స్ప్లిట్ ఏసీ ఉందిగా అంటారు బిల్డర్లు. అది గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. బయట 420 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు) ప్రాంతంలో ఉండే కార్బన్ డయాక్సైడ్, తలుపులు మూసుకుని ఇద్దరు ముగ్గురు పడుకున్న గదిలో తెల్లారేసరికి 2000 దాటడం వింతేమీ కాదు.

ఇక చెమ్మ. ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో, చెమ్మకు గోడలపై శిలీంధ్రపు బూజు పట్టిన ఫ్లాట్‌లో పెరిగిన రెండేళ్ల అవాబ్ ఇషాక్ 2020లో ఊపిరాడక చనిపోయాడు. బూజు గురించి తండ్రి ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకున్నవారు లేరు. ఆ బూజే ప్రాణం తీసిందని 2022లో విచారణాధికారి తేల్చారు. మరుసటి ఏడాది ఆ బాబు పేరుతో చట్టం వచ్చింది. మన చట్టానికి ఏ పసివాడి పేరూ పెట్టాల్సిన గతి పట్టకూడదు మంత్రి గారూ.

నక్షాలో వెంటిలేషన్ చూపిస్తే సరిపోదు. కట్టడం పూర్తయ్యాక ప్రతి పడకగదికీ ఎంత తాజా గాలి అందుతోందో, బాత్రూమ్, వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్లు గాలిని నిజంగా బయటికే పంపుతున్నాయో లేదో కొలిపించండి. కొలిచేవారికి బిల్డర్ చేతిమీదుగా డబ్బు అందకూడదు. ఆ ఫలితాలను కొనేవారికి, అద్దెకు దిగేవారికి రాతపూర్వకంగా ఇప్పించండి. ముందుగా ప్రభుత్వమే కట్టే ఇళ్లతో మొదలుపెట్టండి. అక్కడ చేరేవారికి బాగోలేదని మరో ఇంటికి మారిపోయే స్తోమత ఉండదు.

ఇట్లు,
ఒక పౌరురాలు