బొమ్మలు చీలమండ దగ్గరికి ఎందుకు దిగాయంటే

నడకకు, పరుగుకు, సైకిల్‌కు వేసుకునేలా చేత్తో బొమ్మలు వేసే మా బట్టల కొత్త బ్యాచ్ వచ్చే వారం నుంచి పంపడం మొదలుపెడుతున్నాం. శాంపిల్ ఫొటోలు చూసినవాళ్లలో చాలామంది ఒకటే అడిగారు: ఇన్నాళ్లూ ఛాతీ మీద దర్జాగా కూర్చున్న పిల్లి బొమ్మ ఉన్నట్టుండి చీలమండ దగ్గరికి ఎందుకు దిగిపోయింది? కొందరైతే "మా పిల్లిని పైకి ఎక్కించండి" అని కూడా రాశారు. ఈ బ్యాచ్‌లో ఎక్కించడం లేదు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మా బట్టలు కొనేవాళ్లలో ఎక్కువమంది ఆఫీసుకు ముందో, ఆఫీసు అయ్యాకో నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు. అంటే తెల్లవారుజామున, లేదంటే చీకటి పడ్డాక రోడ్డు మీద ఉంటారు. ఇంత కొట్టొచ్చే రంగు వేసుకున్నాం కదా, ఎవరికైనా కనపడకుండా ఎలా ఉంటాం అనే ధీమా చాలామందిలో చూశాను. నియాన్ రంగు అంతగా మెరిసేది పగటి వెలుగు ఉన్నంతసేపే. పగటి వెలుగులోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని, వాటిని మన కంటికి కనిపించే వెలుగుగా మార్చి బయటికి పంపడమే ఆ రంగు చేసే పని. అందుకే మబ్బు పట్టిన రోజు కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సూర్యుడు దిగిపోయాక పీల్చుకోవడానికి ఆ కిరణాలు పెద్దగా ఉండవు. హెడ్‌లైట్ల ముందు నియాన్ పసుపు ఒక మామూలు లేత రంగు, అంతే.

ఎరుపు సంగతి ఇంకా అన్యాయం. వెలుతురు బాగా తగ్గిందంటే మన కన్ను అన్నిటికంటే ముందు ఎరుపునే వదిలేస్తుంది. పగలు మండిపోతున్నట్టుండే ఎర్ర టీషర్టు మునిమాపు వేళకు దాదాపు నల్లగా కనిపిస్తుంది. పక్కనే ఉన్న నీలం మాత్రం ఇంకా నీలంగానే ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలోనే చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే దీన్ని గమనించి రాశాడు, ఆయన పేరుతోనే ఇప్పటికీ పిలుస్తున్నారు. పైగా ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియనివాళ్లు మగవాళ్లలో తక్కువేం కాదు. చెట్ల వరస ముందు ఎర్ర చొక్కా వాళ్లకు అంత సులువుగా విడిగా కనిపించకపోవచ్చు. ఎరుపు మానేయండి అనడం లేదు, నాకు అదే ఇష్టమైన రంగు. దాన్ని మీ సంతోషం కోసం వేసుకోండి, చీకట్లో కాపాడే పని మాత్రం దానికి అప్పజెప్పకండి.

ఆ పని రిఫ్లెక్టివ్ పూతది. అందులో కంటికి కనిపించనంత సన్నటి గాజు పూసలు ఉంటాయి. వాటి మీద పడిన వెలుగు ఎటుపడితే అటు చెదిరిపోకుండా వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది. కాబట్టి హెడ్‌లైట్ వెనక కూర్చున్న మనిషికి అది తెల్లగా భగ్గుమంటుంది, పక్కన నిలబడినవాళ్లకు మామూలు బూడిద రంగు గీతలా ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా దూసుకొస్తుంది. డ్రైవర్ మిమ్మల్ని ఒక్క సెకను ముందు గుర్తుపట్టినా ఎంత తేడానో మీరే చూడండి.

ఇక పిల్లి దగ్గరికి వద్దాం. 1973లో స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యొహాన్సన్ మనుషుల కీళ్ల దగ్గర మాత్రమే వెలుగు చుక్కలు కనిపించేలా చిత్రీకరించి, ఆ చుక్కలను చూపించాడు. కదలకుండా ఉంటే అవి ఉత్త చుక్కలు. నడవడం మొదలుపెట్టగానే చూసేవాళ్లు క్షణంలో "మనిషి" అనేశారు. తర్వాత రాత్రిపూట రోడ్ల మీద చేసిన పరీక్షల్లోనూ అదే తేలింది. మెరుపు పట్టీ ఛాతీ మీద ఉన్నప్పటి కంటే చీలమండలు, మోకాళ్లు, మణికట్ల దగ్గర ఉన్నప్పుడు డ్రైవర్లు మనిషిని ఎక్కువ దూరం నుంచి పోల్చుకున్నారు. ఛాతీ మీది మెరుపు ఏ సైన్ బోర్డో అనిపించవచ్చు. పైకీ కిందికీ ఆడే మెరుపు అయితే కాళ్లదే అని తెలిసిపోతుంది. అందుకే పిల్లి కిందికి దిగి, చీలమండ చుట్టూ తన తోకను తానే తరుముతోంది. ఆ తోక మొత్తం రిఫ్లెక్టివే. అడుగు వేసిన ప్రతిసారీ పరుగెడుతున్నట్టు ఉంటుంది. మణికట్టు దగ్గర ఎలుక ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు పాపం.

గీతలు కూడా లావు చేశాం. అమెరికన్ చిత్రకారుడు కీత్ హారింగ్ 1980 తర్వాత న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో ఖాళీ ప్రకటన పలకల మీద అంటించిన నల్ల కాగితాలపై సుద్దముక్కతో బొమ్మలు వేసేవాడు. లావు గీత, గంతులేసే మనుషులు, మొరిగే కుక్క. హడావిడిగా వెళ్లేవాళ్లకు కూడా అర్థమయ్యేవి. మా దగ్గర ఇంకో చిక్కు, చూసేవాళ్లతో పాటు బొమ్మ కూడా పరుగెడుతుంది. సన్న గీతలు ఎంత ముద్దుగా ఉన్నా కదిలే గుడ్డ మీద అలికేసినట్టు అయిపోతాయి.

వీపు ఖాళీగా వదిలేశారేమిటని అడిగినవాళ్లకు: రంగు మందంగా పూస్తే గుడ్డలోంచి గాలి ఆడదు, చెమట ఆరదు. ఎండలో పరుగెత్తేవాళ్లకు అది ఇబ్బంది. కుచ్చులు, పొడవాటి తాళ్లు కావాలన్న ఆర్డర్లు మాత్రం తీసుకోం, ఎంత బతిమాలినా సరే. అవి సైకిల్ చైన్‌లోకి వెళ్లడానికి క్షణం పట్టదు. 1927లో నర్తకి ఇసడోరా డంకన్ చనిపోయింది మెడలోని పొడవాటి స్కార్ఫ్ కారు చక్రంలో చిక్కుకునే.

ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. ఇవి సరదా బట్టలు. రోడ్డు పనివాళ్లు వేసుకునే, దూరం నుంచే కనిపించాల్సిన బట్టలకు పెట్టిన ఐఎస్ఓ 20471 అనే అంతర్జాతీయ ప్రమాణానికి తగ్గ జాకెట్లు కావు, ఆ పనికి వాడొద్దు. వెలుగు పడకపోతే రిఫ్లెక్టివ్ పూత కూడా ఏమీ చేయలేదు, కాబట్టి సైకిల్‌కు లైటు ఉండాల్సిందే. ఫుట్‌పాత్ లేని చోట బండ్లకు ఎదురుగా నడవండి.

ఉతికేటప్పుడు తిరగేసి, చల్లటి నీళ్లలో ఉతకండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు, అది గుడ్డ మీద పొరలా పేరుకుని చెమట పీల్చుకోనివ్వదు, మెరుపునూ మందగింపజేస్తుంది. తోక మీద ఇస్త్రీ పెట్టొద్దు. నియాన్ రంగులు మామూలు వాటికంటే త్వరగా వెలుస్తాయి, మేమే కాదు ఎవరు వేసినా అంతే. నీడలో ఆరేస్తే ఇంకొన్నాళ్లు ఆగుతాయి.

చేత్తో వేసే బొమ్మలు కాబట్టి ఆర్డర్లు నెమ్మదిగానే కదులుతాయి. ఈ బ్యాచ్ అయ్యేదాకా విడిగా బొమ్మలు వేయమనే ఆర్డర్లు ఆపేశాం. ట్రాక్ ప్యాంటు కావాల్సినవాళ్లు నడుము కొలతతో పాటు చీలమండ చుట్టుకొలత కూడా పంపండి. వదులైతే అంచు తిరిగిపోయి తోక లోపలి వైపుకు వెళ్లిపోతుంది. పాత కస్టమర్లు కూడా పంపాలి, ఆ కొలత మేం ఇంతకుముందు ఎవరినీ అడగలేదు.