ఐస్‌క్రీమ్ కరిగిపోయినా కదలని పెద్దాయనకి

రాత్రి రెండయింది. నలభై ఏడు సీసాలకి మూతలు బిగించి ఇప్పుడే కూర్చున్నా. చేతులు లాగేస్తున్నాయి, ఇల్లంతా మాల్ట్ వాసన. పడుకుంటే పొద్దున్నకి ఈ ఊపు ఉండదని ఇప్పుడే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మా తమ్ముడు డాలస్‌లో ఇల్లు కొన్నాడు. పార్టీకి బీరు నేనే కాస్తానని మాటిచ్చాను. (గృహప్రవేశం రోజున కాదులెండి, ఆ తర్వాత.) తెనాలి నుంచి పిన్ని ఫోన్ చేసి "సారా కాస్తున్నావంటగా, పోలీసులు పట్టుకోరుటే?" అంది. పట్టుకోరు పిన్నీ, 1978లో అప్పటి అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం ఉంది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా బీరు కాచుకోవచ్చు, అమ్మకూడదంతే.

నేను కాచింది అయిదు గ్యాలన్లు. దానికే చుక్కలు కనిపించాయి. మాల్ట్ వడకట్టే సంచి కుట్టు ఊడిపోతే మామయ్యగారి కొత్త పంచె ఉడకబెట్టి వాడాను. మర్నాడు రాత్రి నురగ ఎగదన్ని, మూత మీద గ్యాసు బయటికి వదిలే ఎయిర్‌లాక్ పూడుకుపోయి, మూత ఢామ్మని లేచి సీలింగ్‌కి కొట్టింది. పొంగడానికి జాగా వదలాలని ఇడ్లీ పిండి దగ్గర ఎప్పుడో నేర్చుకున్నదే, ఇక్కడ మర్చిపోయా. వేలు లావు గొట్టం ఒక చివర మూతలో దూర్చి, రెండో చివర శానిటైజర్ కలిపిన నీళ్లలో ముంచాక గానీ కుదురుకోలేదు. బయట 40 డిగ్రీలు, ఇంట్లో 26, ఈ ఈస్ట్‌కేమో 20 దాటితే పడదు. చిన్నప్పుడు కిటికీలకి వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు చూడండి, అదే కిటుకు: బకెట్టుని నీళ్ల టబ్బులో దింపి, తడి తువ్వాలు చుట్టి, ఎదురుగా ఫ్యాను పెట్టాం.

పన్నెండో రోజు, బీరు సాంద్రతని బట్టి చక్కెర ఎంత మిగిలిందో చూపే హైడ్రోమీటర్ చేయి జారి సింకులో ముక్కలైంది. ఆఫీసులో ఒకమ్మాయి దగ్గర దానికి బదులు రిఫ్రాక్టోమీటర్ తెచ్చి చుక్కేసి చూస్తే 7 బ్రిక్స్ (చక్కెర కొలత), అంటే హైడ్రోమీటర్ లెక్కలో 1.028. మొదట్లో 13 బ్రిక్స్ ఉన్నది ఈపాటికి హైడ్రోమీటర్ లెక్కలో 1.012కి దిగాలి. ఈస్ట్ సగంలో చచ్చిపోయిందనుకున్నా.

అనుమానం ఊరికే రాలేదు. ఆ ఈస్ట్ కొరియర్ బండిలో మూడు రోజులు ఎండకి మగ్గి వచ్చింది. ఐస్ ప్యాక్ ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. అమ్మినవాళ్లు కొరియర్‌ని అడగమన్నారు, కొరియర్ వాళ్లు అమ్మినవాళ్లని అడగమన్నారు. నలభై నిమిషాలు ఫోన్లో పాట వినిపించి, చివరికి "డెలివర్ అయింది, కేసు క్లోజ్" అని ఒక మెసేజ్. ఐస్ ప్యాక్‌కి విడిగా డబ్బు తీసుకున్నారండీ! ప్రాణమున్న సరుకని వాళ్లకి తెలియదా? సరే, ఇది కృతజ్ఞతల పోస్టు.

శనివారం సాయంత్రం, షాంపేన్ ఈస్ట్ పోస్తే లేస్తుందేమోనని ముప్పై మైళ్లు నడుపుకుంటూ వెళ్లాను. షాపు మూసేశారు. హార్లిక్స్ సీసాలో శాంపిల్ పట్టుకుని పార్కింగ్‌లో నిలబడి ఏడ్చేశాను. బీరు కోసం ఏడుపేంటని మీరు నవ్వుకోవచ్చు. వారం నుంచి నిద్ర లేదు, ఆఫీసులో రిలీజు, తమ్ముడికి మాట.

పక్కన పికప్ ట్రక్కులోంచి ఒక పెద్దాయన దిగారు. డెబ్బై దాటి ఉంటాయి. ఏమైందని అడిగారు, చెప్పాను. దేంతో కొలిచావన్నారు. చెప్పాక నవ్వుతారనుకున్నా, నవ్వలేదు. ట్రక్కు వెనక తలుపు దించి, టూల్‌బాక్సులోంచి హైడ్రోమీటర్ తీసి, నా శాంపిల్ గొట్టంలో పోసి, బుడగలు వదిలేలా రెండు వేళ్లతో గిర్రున తిప్పి, ఫోన్ లైటు పట్టుకుని, నువ్వే చదువు అన్నారు.

1.012.

ఈస్ట్ చావలేదు. తినాల్సిందంతా తినేసి పడుకుంది. రిఫ్రాక్టోమీటర్ వెలుతురు వంగడాన్ని బట్టి చక్కెర ఎంతుందో చెబుతుంది. ఆల్కహాల్ పుట్టాక అదీ వెలుతురుని వంచుతుంది కాబట్టి అంకె ఎక్కువ చూపిస్తుంది, సరిచేసే లెక్క వేరే ఉందట. ఇదంతా ట్రక్కు మీది దుమ్ములో వేలితో గీసి చెప్పారు.

సీసాల్లో గ్యాసు పుట్టడానికి పంచదార ఎలా వేస్తావని అడిగారు. సీసాకో చెంచా అన్నాను. అప్పుడు మాత్రం ఆయన మొహం మారింది. చెంచాకి నాలుగు గ్రాములనుకున్నా నలభై ఎనిమిది సీసాలకి 190 దాటుతుంది, పేలేది గాజు. మొత్తానికి 115 గ్రాములు తూచి, నీళ్లలో మరిగించి, బకెట్టులో కలిపి నింపమన్నారు. అది కూడా రెండు రోజులాగి మళ్లీ చూసి, అంకె కదలకపోతేనే.

ముప్పావుగంట, ఆ ఎండలో. వెళ్లేటప్పుడు హైడ్రోమీటర్ నా చేతిలో పెట్టి, ఇంట్లో ఇంకోటుంది ఉంచుకో అన్నారు. ఆయన ముందు తలుపు తీశాక చూశాను. కిరాణా సంచిలోంచి గులాబీ రంగు ఐస్‌క్రీమ్ కారి కింద మ్యాటు మీద మడుగు కట్టింది. మనవరాలి పుట్టినరోజుకట. ఒకసారి దానివంక చూసి, మళ్లీ కొంటాలే అన్నట్టు చెయ్యూపి వెళ్లిపోయారు. పేరు అడగాలని కూడా తట్టలేదు నాకు. ఇంటికొచ్చేదాకా కళ్లు తుడుచుకుంటూనే నడిపాను. ఇది ఆయన చదవలేరు, తెలుగు రాదు. అయినా ఎక్కడో ఒకచోట రాయకపోతే నాకు నిద్రపట్టదు.

మా ఆయన టబ్బులో ఐసు మార్చారు, తమ్ముడు సీసాలు కడిగాడు, మామయ్యగారు పంచె ఊసెత్తలేదు. ఇంట్లోవాళ్లకి థాంక్స్ ఏంటిలే.

అయ్యో, రిఫ్రాక్టోమీటర్ ఇచ్చిన అమ్మాయిని తప్పుబట్టినట్టు రాశానేమో! తప్పు నాదేరా, నీ పరికరానిది కాదు. సీసాలకి మూతలు బిగించే క్యాపర్ ఇచ్చిన మలయాళీ దంపతులకి కూడా థాంక్స్. మూడు నెలలు ఖాళీ సీసాలు దాచిన కింది ఇంటివాళ్లకి మరీనూ, లేబుళ్లు నానబెట్టి తీసి మరీ ఇచ్చారు. ఎదురింటి ఆంటీ, మీ నిచ్చెన ఇంకా మా వంటింట్లోనే ఉంది. సీలింగ్ మీద మరక పోలేదు, రేపు ఇంకోసారి తుడిచి తెచ్చిచ్చేస్తా.