సెడాన్ అడిగితే ఎస్‌యూవీ పంపినందుకు ఫిర్యాదు

ఎడిసన్, న్యూజెర్సీ
2025 ఏప్రిల్ 19

కార్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఏప్రిల్ 12న న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టు ట్రిప్పుకు సెడాన్ బదులు ఎస్‌యూవీ పంపి, అదనంగా డబ్బు తీసుకోవడం గురించి

నమస్కారం. మీరూ, మీ ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్ళూ తెలుగువాళ్ళే కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెప్పడానికి నాకు ఇదే తేలిక.

ఏప్రిల్ 12 శనివారం మా అమ్మ హైదరాబాద్‌కు తిరుగు ప్రయాణం. వారం ముందే మీకు ఫోన్ చేసి సెడాన్ కావాలని అడిగాను. ఎందుకో కూడా చెప్పాను. అమ్మకు 76 ఏళ్ళు. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది, ఎత్తు బండి ఎక్కలేదు. "అలాగేనండీ, రాసుకున్నాం" అన్నారు. కన్ఫర్మేషన్ మెసేజ్‌లో కూడా సెడాన్ అనే ఉంది. 165 డాలర్లు, టోల్స్ వేరు. తీరా ఆ రోజు మధ్యాహ్నం ఇంటి ముందుకు వచ్చింది నల్ల సబర్బన్, షెవర్లే వాళ్ళ పెద్ద ఎస్‌యూవీ.

మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, "మంచి బండే పంపాం కదా మేడమ్, అప్‌గ్రేడ్ అనుకోండి" అన్నారు. ఆ మాటకు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. సబర్బన్ మంచి బండి కాదని నేను అనడం లేదు. పిల్లాపాపలతో, బోలెడు పెట్టెలతో వెళ్ళేవాళ్ళకు అంతకన్నా సుఖం లేదు. మాకు ఉన్నవి రెండు సూట్‌కేసులు, ఒక హ్యాండ్‌బ్యాగు, ఇద్దరు మనుషులు.

మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళు కారు ఎలా ఎక్కాలో గుంటూరులో ఫిజియోథెరపీ చేసినావిడ అమ్మకు నేర్పించారు. మొదట సీటుకు వీపు పెట్టి నిలబడాలి. మెల్లగా కూర్చోవాలి. ఆ తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. సీటు కుర్చీ ఎత్తులో ఉంటేనే ఇదంతా కుదురుతుంది. సబర్బన్ సీటు అమ్మ నడుము దాకా ఉంది. అక్కడ కూర్చోవడమనేది లేదు, ఎక్కడమే. ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఒంటి బరువంతా ఆ మోకాలి మీద వేసి, హ్యాండిల్ పట్టుకుని పైకి లాక్కోవాలి. అప్పటికే చిన్నగా వాన. మెట్టు తడిసి ఉంది.

అమ్మ రెండుసార్లు ప్రయత్నించింది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుంటే హ్యాండిల్‌కు ఒకటే చెయ్యి మిగిలింది. "వద్దులేవే, నా వల్ల కాదు" అంటూ కాలు దించేసింది. నేను లోపలికి పరుగెత్తి కింద వేయడానికి ఏది దొరికితే అది తెద్దామని చూస్తే పూజ దగ్గర వేసుకునే పీట కనిపించింది. దాన్ని తెచ్చి డ్రైవ్‌వే మీద వేశాను. అమ్మ దాన్ని చూసి ఆగిపోయింది. దేవుడి ముందు వేసుకునే పీట మీద చెప్పులతో ఎలా నిలబడతానని. చివరికి చెప్పులు విప్పి, తడి పీట మీద ఒట్టి కాళ్ళతో నిలబడితే, డ్రైవర్ గారూ నేనూ చెరో పక్కా పట్టుకుని ఎక్కించాం. ఆయన చాలా మర్యాదస్తుడు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఈ ఉత్తరం పేరు చెప్పి ఆయన్ని ఒక్క మాట అనవద్దు.

ఆ కంగారులో పీట డ్రైవ్‌వే మీదే వదిలేశాం. గోథల్స్ బ్రిడ్జి, వెరజానో బ్రిడ్జి దాటి బెల్ట్ పార్క్‌వే మీదికి వచ్చాక గుర్తొచ్చింది నాకు. దిగేటప్పుడెలా అని అక్కడి నుంచి ఒకటే టెన్షన్. ఎయిర్‌పోర్టులో వెనక కార్లు హారన్లు కొడుతుంటే అమ్మ తొందరపడి దిగింది, కుడికాలు మీద బరువు ఒక్కసారిగా పడింది. నాకు ఏమీ చెప్పలేదు. హైదరాబాద్‌లో దిగాక మా తమ్ముడు ఫోన్ చేసి మోకాలు వాచిందన్నాడు.

నేను ఈ దేశానికి వచ్చింది 2006లో. అప్పట్లో ఏ కార్ సర్వీస్‌కు ఫోన్ చేసినా వచ్చేది లింకన్ టౌన్ కారే. అమ్మానాన్నలు 2009లో మొదటిసారి వచ్చినప్పుడు కూడా అదే వచ్చింది. దాదాపు 18 అడుగుల పొడవు, వెడల్పాటి వెనక తలుపు. నాలుగు పెద్ద పెట్టెలు పట్టే డిక్కీ. నాన్న వెనక సీట్లో కాళ్ళు చాపుకుని, "ఇది కారు కాదమ్మాయ్, మంచం" అన్నారు. నాన్న ఇప్పుడు లేరు. పొడుగు మోడల్‌లో వెనక కాళ్ళ దగ్గర ఇంకో ఆరంగుళాలు ఎక్కువ. దానికి లారీలాగా విడిగా ఛాసిస్ ఉండేది, రిపేరు చవక, లక్షల మైళ్ళు తిరిగేది. అందుకే కార్ సర్వీసుల వాళ్ళంతా దాన్నే కొనేవాళ్ళు. డ్రైవర్లతో మాటలు కలపడం నాకు అలవాటు, ఇదంతా వాళ్ళ నోట విన్నదే.

కెనడాలోని సెయింట్ థామస్ ఫ్యాక్టరీలో 2011 ఆగస్టులో ఆఖరి టౌన్ కారు తయారైంది. ఆ తర్వాత వచ్చిన కాడిలాక్ ఎక్స్‌టీఎస్ 2019లో ఆగింది. ఫోర్డ్ అమెరికాలో సెడాన్లు ఆపేస్తామని 2018లోనే చెప్పింది, 2020లో వాళ్ళదే అయిన లింకన్ కాంటినెంటల్ కూడా పోయింది. క్రైస్లర్ 300 ఆఖరుది 2023 డిసెంబరులో తయారైంది. ఇవన్నీ మీరు చేసిన పనులు కావు. మెర్సిడెస్ ఎస్ క్లాస్ కొందామంటే లక్ష డాలర్లు దాటుతుంది, 165 డాలర్ల ట్రిప్పులతో ఆ డబ్బు తిరిగి రావడం కష్టమనీ తెలుసు. ఒక సబర్బన్ కొంటే ఇద్దరినీ ఎక్కించుకోవచ్చు, ఏడుగురినీ ఎక్కించుకోవచ్చు. సెడాన్ కొంటే ముగ్గురితో సరి. వ్యాపారం చేసేవాళ్ళు ఎటు మొగ్గుతారో నాకు అర్థం కాకపోలేదు.

నా బాధ అది కాదు. మీ దగ్గర సెడాన్లు లేకపోతే, లేదా ఒకటే ఉండి అది వేరే ట్రిప్పులో ఉంటే, ఆ మాట ముందే చెప్పాలి కదా. ఇంకెవరినైనా అడిగేదాన్ని. పక్కింటివాళ్ళకు క్యామ్రీ ఉంది, వాళ్ళను బతిమాలుకునేదాన్ని. మీరు నల్ల టై కట్టుకున్న డ్రైవర్‌ను పంపకపోయినా అమ్మకు లోటు లేదు. ఆమె కూర్చోగలిగే సీటు కావాలి, అంతే. ఇక్కడ మన ఇళ్ళకు వచ్చిపోయే అమ్మానాన్నల వయసేమిటో, వాళ్ళ మోకాళ్ళ సంగతేమిటో మీకు నేను చెప్పాలా? మీ కస్టమర్లలో వాళ్ళే ఎక్కువ.

ఇక డబ్బు సంగతి. అప్‌గ్రేడ్ అని చెప్పిన ఆ బండికి నా కార్డు మీద 215 డాలర్లు వేశారు, టోల్స్ కాక. నేను అడగని బండికి, నేను వద్దన్న బండికి 50 డాలర్లు ఎక్కువ. అవి నా కార్డుకు వెనక్కి వేయండి.

దాంతోపాటు మీ ఫ్లీట్‌లో కనీసం రెండు సెడాన్లు ఉంచమని అడుగుతున్నాను. ఎస్ క్లాసే కానక్కరలేదు. లెక్సస్ ఈఎస్ అయినా సరే, వెనక సీటు బాగానే ఉంటుంది, కూర్చుని కాళ్ళు తిప్పుకోవచ్చు. అదీ కుదరకపోతే బుకింగ్ తీసుకునేటప్పుడే "మా దగ్గర పెద్ద బండ్లే ఉన్నాయండీ" అని చెప్పండి. ముందు రోజు బండి మారితే ఫోన్ చేయండి. ప్రతి ఎస్‌యూవీలోనూ జారని రబ్బరు పైభాగం ఉన్న ఒక స్టూలు పెట్టండి, దానికి అయ్యే ఖర్చు ఒక ట్రిప్పు టోల్స్ అంత కూడా ఉండదు. ఎక్కేటప్పుడు వాడి డిక్కీలో వేసుకుంటే, దిగేటప్పుడు కూడా ఉంటుంది.

అమ్మ మోకాలి వాపు తగ్గుతోంది, ఎక్స్‌రేలో ఇబ్బందేమీ కనిపించలేదు. డిసెంబరులో మా అబ్బాయి ఒడుగుకు మళ్ళీ వస్తానంటోంది. ఆ ట్రిప్పుకు మీ దగ్గర సెడాన్ ఉంటుందో ఉండదో ఏప్రిల్ నెలాఖరులోగా రాతపూర్వకంగా తెలియజేయండి. ఏప్రిల్ 12 బుకింగ్ వివరాలు, నా ఫోన్ నంబరు మీ దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
పన్నెండేళ్ళుగా మీ కస్టమర్