టీమ్ ప్యాకేజీలు: అప్‌లోడ్ నొక్కే ముందు

అందరికీ నమస్కారం. ఆదివారం బెంగళూరు ఇందిరానగర్‌లో కలిసేవాళ్ళూ, ఇంటి నుంచి చేసేవాళ్ళూ ఒకసారి చదవండి.

డెబియన్‌లో (మనం ప్యాకేజీలు చేసే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ప్యాకేజీని చూసుకునే మెయింటెయినర్‌గా టీమ్ పేరుంటే, అప్‌లోడర్స్ అనే జాబితాలో కనీసం ఒక మనిషి పేరు ఉండి తీరాలి. ప్యాకేజీ వంక చూడనివాళ్ళు మాత్రం దయచేసి మీ పేరు తీసేయండి. పేరు కనపడితే మిగతావాళ్ళు "ఆయన చూసుకుంటాడులే" అని బగ్ వదిలేస్తారు.

ఒక్కసారి చెయ్యి వేసేవాళ్ళు అప్‌లోడర్స్‌లో చేరక్కర్లేదు. చేంజ్‌లాగ్‌లో (మార్పుల చిట్టా) మొదటి లైన్‌గా 'టీమ్ అప్‌లోడ్' అని రాస్తే చాలు. రాయకపోతే ప్యాకేజీల్లో తప్పులు పట్టే లింటియన్ దాన్ని ఎన్ఎమ్‌యూ (మెయింటెయినర్ కానివాళ్ళు చేసిన అప్‌లోడ్) అనుకుని గోల చేస్తుంది.

పని సగంలో ఉంటే చేంజ్‌లాగ్‌లో 'అన్‌రిలీజ్డ్' అనే ఉంచి సాల్సాకి (డెబియన్ గిట్ సర్వర్) పుష్ చేయండి. పుష్ చేయకుండా అప్‌లోడ్ చేశారనుకోండి, తర్వాతివాళ్ళు పాత గిట్ మీద పని చేస్తారు, మీ ప్యాచ్ మాయం. వెర్షన్‌ని గుర్తించే గిట్ ట్యాగ్ బ్రాంచ్‌తో పాటు దానంతట అది వెళ్ళదు, విడిగా పంపాలి. (మారతహళ్ళి ట్రాఫిక్‌లో, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఈ పని పెట్టుకోకండి బాబూ.)

బిల్డ్ ఎస్‌బిల్డ్‌లోనే (ఏమీ లేని శుభ్రమైన వాతావరణంలో బిల్డ్ చేసే టూల్). మీ ల్యాప్‌టాప్‌లో అన్నీ ముందే ఇన్‌స్టాల్ అయి ఉంటాయి, బిల్డ్-డిపెండ్స్‌లో (బిల్డ్‌కి కావలసిన ప్యాకేజీల జాబితా) మరిచిపోయింది బయటపడదు. అప్‌లోడ్ సోర్స్ మాత్రమే. మన దగ్గర బిల్డ్ చేసిన బైనరీలు పంపితే ప్యాకేజీ టెస్టింగ్‌లోకి (తర్వాతి డెబియన్ విడుదల తయారయ్యే చోటు) వెళ్ళదు. కొత్త ప్యాకేజీలు పరిశీలన కోసం ఆగే న్యూ క్యూకి బైనరీ తప్పదు కాబట్టి, ఆమోదం వచ్చాక సోర్స్‌తో ఇంకో అప్‌లోడ్.

అప్‌స్ట్రీమ్ (సాఫ్ట్‌వేర్ అసలు రచయితలు) నుంచి కొత్త వెర్షన్ తెచ్చేటప్పుడు, వాళ్ళిచ్చే టార్‌బాల్‌నీ (సోర్స్ కట్ట) గిట్ ట్యాగ్‌నీ డిఫ్ చేయండి, అంటే పోల్చి చూడండి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ (ఫైళ్ళని కుదించే సాఫ్ట్‌వేర్) 5.6.0, 5.6.1లలో బయటపడ్డ బ్యాక్‌డోర్‌ని (దొంగదారి) నిద్రలేపే ఎం4 స్క్రిప్ట్ (బిల్డ్‌లో నడిచేది) టార్‌బాల్‌లోనే ఉంది, గిట్‌లో లేదు. డిఫ్‌లో అర్థంకాని లైన్ కనిపిస్తే అప్‌లోడ్ ఆపి, ఇక్కడ పెట్టండి.