డ్రా వార్తకు మరో నాలుగు పంక్తులు

సంపాదకులకు,

అయ్యా,

చదరంగంలో మనవాళ్ళు గెలిస్తే మీ క్రీడాపుటలో ఫొటోతో సహా వార్త వస్తుంది. గేమ్ డ్రా అయితే మాత్రం ‘చెరో అర పాయింటు పంచుకున్నారు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. నిజానికి డ్రాలన్నీ ఒక్క తీరువి కావు.

2018 నవంబరులో లండన్‌లో అప్పటి చాంపియన్ కార్ల్‌సన్ (నార్వే), అతనితో తలపడిన కరువానా (అమెరికా)ల మధ్య జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పన్నెండు క్లాసికల్ గేములూ (ఎక్కువ సమయమిచ్చి ఆడించేవి) డ్రా అయ్యాయి. తొలి గేమ్‌లో తెల్లపావులతో ఆడిన కరువానా సమయం చాలక సతమతమవుతుండగా, నలభయ్యో ఎత్తులోపే తనకు దొరికిన గెలుపు దారిని కార్ల్‌సన్ చేజార్చుకున్నాడు. ఆ తరవాత ఏనుగుల ఎండ్‌గేమ్‌లో (ఆట చివరి దశలో) ఒక బంటు ఎక్కువున్న అతను ఎంత నొక్కినా కరువానా లొంగలేదు. సుమారు ఏడు గంటలు సాగిన ఆ గేమ్ 115వ ఎత్తు దగ్గర ఆగింది. అదే పోటీ పన్నెండో గేమ్‌లో నల్లపావులతో మెరుగైన స్థితిలో ఉండి, గడియారంలోనూ ఎక్కువ సమయం మిగిలి ఉండగా, కార్ల్‌సన్ 31 ఎత్తులకే డ్రా ప్రతిపాదించాడు. రెండు రోజుల తరవాత ర్యాపిడ్ టైబ్రేక్‌ను (పాయింట్లు సమానమైనప్పుడు విజేతను తేల్చే వేగపు గేములను) 3-0తో గెలిచాడు కనుక అతని లెక్క తప్పలేదు గానీ, ఆ డ్రా చాలామందికి రుచించలేదు, నాకూ రుచించలేదు. పట్టికలో మాత్రం రెండూ అర పాయింట్లే.

2025 జులైలో బటూమిలో జరిగిన మహిళల ప్రపంచకప్ ఫైనల్‌లో కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్‌ల క్లాసికల్ గేములు రెండూ డ్రా అయినప్పుడూ మీ పుటలో ఆ ఒక్క వాక్యమే వచ్చింది. తొలి గేమ్ ఆరంభంలోనే దివ్యకు పైచేయి చిక్కిందనీ, హంపి నల్లపావులతో ఓర్పుగా కాచుకుని గట్టెక్కిందనీ మీ వార్త చదివినవారికి తెలిసే వీల్లేదు. ర్యాపిడ్‌లో దివ్య గెలిచాక మాత్రం సగం పుట కేటాయించారు.

ఎవరు ఏ పావులతో ఆడారు, ఎన్ని ఎత్తులు సాగింది, ఎవరికి ఎక్కడ అవకాశం తప్పింది అన్నవి రాయడానికి నాలుగు పంక్తులు చాలు. వీలైన రోజున ఒక బోర్డు బొమ్మ, దాని కింద ఎత్తుల వరుస కూడా వేస్తే, ఆట నేర్చుకుంటున్న పిల్లలు పావులు పేర్చుకుని ఆడి చూసుకుంటారు. 115 ఎత్తులున్న గేమైతే చివరి ఘట్టం ఒక్కటి వేసినా సరిపోతుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ