డచ్చి వంట చప్పిడి కాదు

సంపాదకులకు,

నెదర్లాండ్స్‌లో పిల్లల దగ్గర రెండు మూడు నెలలు ఉండి వచ్చే పెద్దలు చాలామంది అక్కడి తిండి గురించి చెప్పే మాట ఒకటే: "రొట్టె, చీజు తప్ప ఏముంది? అంతా చప్పిడి." ఇది ఆ వంటకు అన్యాయం చేసే మాట. డచ్చి ఇళ్లలో పొయ్యి వెలిగించి వండుకునేది మామూలుగా రోజుకు ఒక్కపూటే, అదీ సాయంత్రం ఆరు గంటల భోజనానికి. మధ్యాహ్నం తినే చల్లటి రొట్టె చూసి ఆ దేశపు వంట ఇంతేననుకుంటే ఎలా? అసలు వంట చలికాలపు సాయంత్రాల్లో ఇళ్లలో ఉంటుంది. వియ్యాలవారు డచ్చివాళ్లయితే వాళ్లింట్లో తినవచ్చు. లేదంటే పిల్లల వంటింట్లో మనమే వండుకోవచ్చు.

పప్పు లేనిదే ముద్ద దిగని మనం మొదట చేయవలసింది ఎర్టెన్‌సూప్. వాడుకలో స్నెర్ట్ అంటారు. అరకిలో పచ్చ బఠానీ పప్పు కడిగి రెండు లీటర్ల నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాలి. బద్దలే కాబట్టి నానబెట్టే పని లేదు. మరగగానే తెల్లటి నురగ తేలుతుంది, దాన్ని గరిటెతో తీసేయాలి. డచ్చివాళ్లు ఈ దశలో పంది పక్కటెముకలు వేస్తారు. తరువాత సెలరీ దుంప సుమారు మూడు వందల గ్రాములు, రెండు క్యారెట్లు, ఒక బంగాళదుంప, ఒక ఉల్లిపాయ చిన్న ముక్కలుగా తరిగి వేసి, సన్నటి సెగ మీద గంటన్నర నుంచి రెండు గంటలు ఉడకనివ్వాలి. ఉల్లికాడలాంటి లీక్ కాడలో సగం మొదట్లో, సగం దించే పది నిమిషాల ముందు వేస్తే రుచి సూపులో కలుస్తుంది, ఆకుపచ్చదనమూ మిగులుతుంది. చివర్లో సెలరీ ఆకు తరిగి చల్లాలి.

ఇది చెడేది ఎక్కువగా అడుగంటడం వల్లే. పప్పు విచ్చుకుని చిక్కబడ్డాక అయిదు నిమిషాలకోసారి అడుగుదాకా కలపకపోతే మాడు వాసన కుండంతా పట్టేస్తుంది, ఇక ఏం వేసినా పోదు. ఉప్పు ఆఖర్న వేయాలి, ఎందుకంటే ఇందులో వేసే పొగబెట్టిన సాసేజ్ రోక్‌వోర్స్ట్‌లో ఉప్పు బాగా ఉంటుంది. కుక్కర్లో చేస్తే సగానికి మించి నింపకూడదు. బఠానీ నురగ ఆవిరి గొట్టాన్ని మూసేస్తుంది. మాంసం తిననివాళ్లు పొగబెట్టిన మిరపపొడి ఒక చెంచా వేసుకుంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది. దయచేసి పోపు మాత్రం పెట్టకండి. ఇంగువ, ఆవాలు పడితే సెలరీ దుంప పరిమళం మాయమై మామూలు పప్పు మిగులుతుంది. గరిటె నిలబడేంత చిక్కన ఉండాలి, మరుసటి రోజుకు ఇంకా రుచి. అయితే చిక్కటి సూపు లోపల త్వరగా చల్లారదు. రాత్రంతా కుండలోనే బయట వదిలేస్తే పులుస్తుంది. వెడల్పాటి గిన్నెల్లోకి తీసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పక్కన నల్లటి రై రొట్టె, ఆవపిండి ముద్ద ఉంటే చాలు.

ఇక స్టామ్‌పాట్, అంటే బంగాళదుంపతో కూర కలిపి మెదిపేది. ఇక్కడ అందరూ పొరబడేది దుంప దగ్గరే. సంచి మీద 'క్రౌమిఖ్' అని ఉన్న పిండి దుంపలే కొనాలి. 'వాస్ట్‌కోకెండ్' దుంపలు గట్టిగా ఉండి సరిగా మెదగవు. కిలో దుంపల మీద అరకిలో తరిగిన కేల్ ఆకు పరిచి, దుంపలు సగం మునిగేలా నీళ్లు పోసి, మూతపెట్టి ఇరవై అయిదు నిమిషాలు ఉడికించాలి. నీళ్లు ఒంచి, ఒక కప్పు పక్కన ఉంచుకోవాలి. నూటయాభై మిల్లీలీటర్ల పాలు వేడిగా పోసి, యాభై గ్రాముల వెన్న వేసి పప్పుగుత్తితో మెదపాలి. మిక్సీలో వేశారంటే దుంపలోని పిండి బయటికొచ్చి బంకలా సాగుతుంది. దీనితో తినే రోక్‌వోర్స్ట్‌ను మరిగే నీళ్లలో వేస్తే చర్మం పగిలి కొవ్వంతా నీళ్లపాలవుతుంది. మరగని వేడినీళ్లలో పావుగంట ఉంచితే సరిపోతుంది. శాకాహారులకు మాంసం లేని రకం కూడా అక్కడి సూపర్‌మార్కెట్లలో దొరుకుతుంది. కేల్‌కు బదులు క్యారెట్, ఉల్లి వేస్తే హుట్స్‌పాట్. 1574లో స్పెయిన్ సేనల ముట్టడి నుంచి లైడెన్ నగరం బయటపడిన రోజు గుర్తుగా అక్టోబరు 3న అక్కడ ఇంటింటా ఇదే వండుతారు.

పోఫర్టియెస్ అనే చిన్న చిన్న అట్లు మనకు మరీ సులువు, గుంత పొంగణాల పెనం మీద చక్కగా వస్తాయి. నూటపాతిక గ్రాముల బక్‌వీట్ పిండి, అంతే మైదా, ఒక చిన్న చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, నాలుగు వందల మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు కలిపి గంటసేపు పొంగనివ్వాలి. పాలు వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చి పిండి లేవదు. బక్‌వీట్‌లో పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ ఉండదు కాబట్టి ఒక్కటే వాడితే అట్టు విరిగిపోతుంది. మన పెనం గుంతలు లోతు, సగమే నింపాలి. నిండా పోస్తే లోపల పచ్చిగా ఉంటుంది. అంచులు ఆరగానే తిప్పేసి, వెన్న, చక్కెర పొడి వేసి వేడిగా పెట్టాలి.

మసాలాలు లేవనే మాటకూ ఆధారం లేదు. లైడెన్ చీజులో జీలకర్ర, ఫ్రీస్‌లాండ్ చీజులో లవంగం వేస్తారు. డిసెంబరు 5 సింటర్‌క్లాస్ పండుగకు చేసే స్పెక్యులాస్ బిస్కెట్లలో దాల్చిన, లవంగం, జాజికాయ, శొంఠి, ఏలకి, తెల్ల మిరియం ఉంటాయి. డచ్చివాళ్లు మచిలీపట్నం రేవులో దిగింది 17వ శతాబ్దం మొదట్లో. మన తీరం అద్దకం బట్ట నెదర్లాండ్స్‌లోని హిందెలోపెన్ ఊరి ఆడవాళ్ల దుస్తుల్లో చేరిపోయింది. ఇంత పాత పరిచయం ఉండగా మీ వంటల పేజీలో ఈ వంటలకు చోటివ్వమని, కొలతలు గ్రాముల్లో ఇవ్వమని మనవి.

వియ్యాలవారింటికి వెళ్లేవారు చెప్పకుండా వెళ్లకూడదు, చెప్పిన వేళకే వెళ్లాలి. రాత్రి ఎనిమిదింటికి కాఫీకి పిలిస్తే అది కాఫీకే, భోజనం చేసి వెళ్లాలి. పుట్టినరోజున అందరూ వలయంగా కూర్చుంటారు. పుట్టినరోజు ఎవరిదో వారికే కాక వాళ్లమ్మకు, నాన్నకు, తాతయ్యకు, అందరికీ చేయి కలిపి శుభాకాంక్షలు చెప్పాలి. పసిబిడ్డను చూడబోతే బెస్ఖౌట్ రొట్టె మీద చక్కెర పూసిన, సోంపులాంటి యానిస్ గింజలు చల్లి పెడతారు, ఆడపిల్లకు గులాబీ, మగపిల్లాడికి నీలం. కింద వెన్న బాగా రాయకపోతే గింజలన్నీ ఒళ్లో పడతాయి.

సామాను సర్దేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడం నిషిద్ధం. నెయ్యి, కోవా, కోడి పచ్చడి ఏవీ కుదరవు. పచ్చి కరివేపాకుకు, మామిడిపండ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. నెయ్యి గురించి బెంగపడకండి. అక్కడ ఉప్పులేని వెన్న పావుకిలో ప్యాకెట్లలో ఎక్కడైనా దొరుకుతుంది, కాచుకుంటే సరి. పోఫర్టియెస్ పెనానికి రాయడానికీ మాడని ఆ నెయ్యే మేలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఆమ్‌స్టెల్‌వేన్, నెదర్లాండ్స్